రోడ్డు మీద బువ్వ, వాగు కాడ సద్ది

నలభై మంది పిల్లలకు అన్నం వండాలంటే తారి బియ్యం కొలిచేది కాదు. పొద్దున ప్రార్థనకు వరస కట్టిన పిల్లల్ని బడి వసారాలో నిలబడి ఒకసారి కలియజూసేది. ఎవడు రాత్రి తిని పడుకున్నాడో, ఎవడు మంచినీళ్లు తాగి పడుకున్నాడో ముఖం చూస్తే తెలిసిపోయేది ఆమెకు. ఆ చూపుతోనే దోసిళ్లు లెక్కపెట్టి బియ్యం గంజులో పోసేది. ఆరేళ్లలో అన్నం ఒక్కనాడు తక్కువ పడలేదు, ఒక్కనాడు మిగల్లేదు. ఈ విద్యకు పట్టా ఇచ్చే కాలేజీని ఇంకా ఎవరూ కట్టలేదు కాబట్టి ఊళ్లో ఆమెను "తండా వంటామె" అనేవాళ్లు. ఆమెకో పేరుందని చాలామందికి తెలియదు.

పుట్టింది జఫర్‌గఢ్ దగ్గర ఓ తండాలో. పెళ్లై వచ్చింది మరిపెడ అవతలి దేవ్యా తండాకు. పెళ్లైన కొత్తలోనే మొగుడు మంగ్యాతో కలిసి పూణె దిక్కు బిల్డింగుల పనికి పోయింది. అక్కడి మేస్త్రీ ఈమె నెత్తిన ఇటుకలు పెట్టబోయాడు. ఒకరోజు ఈమె చేసిన పప్పు తిని మనసు మార్చుకుని ముప్పై మంది కూలీల వంట అప్పజెప్పాడు. మూడు రాళ్ల పొయ్యి మీద, ఎదురుగాలిలో, తడిసిన కట్టెలతో వండడం అక్కడే నేర్చింది. కూతురు జమున పుట్టాక తిరిగొచ్చింది. తండా బడిలో మధ్యాహ్న భోజనం వండే పని దొరికింది. మంగ్యా మాత్రం భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలీగా కుదిరి, పండుగకో పబ్బానికో వచ్చిపోయేవాడు. జమునకు ఇప్పుడు ఎనిమిదేళ్లు. కొడుకు చందుకు నాలుగు.

తండాకూ ఊరికీ నడుమ ఒక వాగు. ఇవతల ముప్పై లంబాడీ ఇండ్లు, వాళ్ల భాష, వాళ్ల బడి. అవతల ఊరు. వాగులో నీళ్లు మోకాలి లోతే, పిల్లలు కూడా దాటేస్తారు. దాటలేనివి వేరే ఉన్నాయి. వాటి లోతు తారికి తెలియదా అంటే, ఎందుకు తెలియదు? ఊళ్లో మంచినీళ్లు అడిగితే దోసిట్లో పోయించుకుని తాగి పెరిగిన మనిషే. కాకపోతే ఆ యేడు కొంచెం మరిచిపోయింది. ఆమెను మరిపించిన వాళ్లు ఉన్నారు.

ఆ యేడంటే సకల జనుల సమ్మె జరిగిన యేడు. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బొగ్గు భూమిలోనే పడుకుంది, సార్లు రోడ్డెక్కారు. తండా బడికి తాళం పడింది. బడితో పాటు గంజుకూ తాళం పడింది. గని మూతపడి కూలి లేక, బస్సు లేక మంగ్యా భూపాలపల్లిలోనే చిక్కిపోయాడు. తెలంగాణ వస్తే తన కొలువు పర్మినెంటు అవుతుందని ఫోన్లో చెప్పాడు. తారి నమ్మింది. నమ్మకానికి ఖర్చేముంది?

కడుపుకే సమ్మె అంటే ఏందో తెలియదు. మొదటి వారం ఎట్లాగో నెట్టుకొచ్చింది. రెండో వారానికి పొద్దున జొన్న రొట్టె, పచ్చికారం. మాపటికి పచ్చికారం, జొన్న రొట్టె. చందు రోజూ పన్నెండింటికి కంచం పట్టుకుని తాళం వేసిన బడి ముందు కూర్చునేవాడు. బడి లేదురా అని ఎన్నిసార్లు చెప్పినా వాడు లేచేవాడు కాదు. ఆరేళ్లు తండా పిల్లలతో పాటు తన పిల్లల కడుపు నింపిన గంజు లోపల బోర్లించి ఉంటే, బయట కొడుకు ఖాళీ కంచంతో కూర్చోవడం చూసి తారికి ఏడుపొచ్చేది. ఏడ్చేది కూడా.

అప్పుడొచ్చాడు లక్ష్మీకాంత్ సారు. తండా బడి సారే. కాపురం ఊళ్లో, ఊరి జేఏసీకి కన్వీనరు.

"తారమ్మా, రేపటి సంది హైవే మీద వంటా వార్పు. రోడ్డు మీదనే వండుడు, రోడ్డు మీదనే తినుడు. రెండు వందల మందికి సక్కగ వండాలంటె నీతోనే అయితది. జర రావాలె," అన్నాడు.

"ఊరోళ్లు నా చేతి బువ్వ తింటరా సారూ?" అని అడిగింది తారి. అడగాల్సిన ప్రశ్న అదే.

"గా రోజులు పోయినయ్. ఇప్పుడు కులం లేదు, తండా లేదు, ఊరు లేదు. అందరం ఒక్క బంతి."

"అయితె మా పిల్లలను గూడ తెస్త."

"తే. పిల్లలుంటె పేపర్ల ఫోటో మంచిగొస్తది," అన్నాడు సారు.

ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆ మాట ఎంతవరకు చెల్లుతుందో ఆయనకూ తెలియదు, అంతే తేడా.

పిల్లలకు అదో జాతర అయింది. లారీలు దూసుకుపోయే రోడ్డు, దాటాలంటే తల్లి రెక్క పట్టుకుని పరుగెత్తాల్సిన రోడ్డు, ఇప్పుడు చాప పరిచినట్టు వాళ్లకోసం ఖాళీగా పడుంది. తండా పిల్లలు తెల్ల గీత మీద ఒంటికాలితో గెంతారు, రోడ్డు నడిమధ్యలో బోర్లా పడుకుని తారు వాసన చూశారు. చందు గులాబీ రంగు జెండా గుడ్డను చొక్కాలా కట్టుకుని తిరిగాడు. ఊరి పిల్లలూ వచ్చారు. వీరమ్మ మనవరాలు రజిత, జమున ఈడుదే, మొదటిరోజే జమున చెయ్యి పట్టుకుంది. రెండోరోజుకు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. మైకులో మాటలు కోటలు దాటుతుంటే పిల్లలు అంతకంటే వేగంగా దాటేశారు.

తారి మూడు రాళ్ల పొయ్యిలు ఆరు పెట్టించింది. వచ్చిన జనాన్ని ఒకసారి కలియజూసి దోసిళ్లు లెక్కపెట్టింది. కిచిడి, టమాట పప్పు, ఒకరోజు గోంగూర, ఒకరోజు వంకాయ. రోజు విడిచి రోజు వండింది. సారు చెప్పినట్టే అందరూ ఒక్క బంతిలో కూర్చున్నారు. కాపుదనం వాళ్లు కూర్చున్నారు, కిరాణం ఆయన కూర్చున్నాడు, నోట్లో తులసి వేసుకుని గాని ముద్ద ముట్టని పెద్దాయన కూడా మైకు వైపు ఓ కన్నేసి కూర్చున్నాడు. తారి గంటె పట్టుకుని వడ్డిస్తూ పోతుంటే, ముప్పై రెండేళ్ల బతుకులో ఊరు తన ముందు అలా చెయ్యి చాపడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆమెకు గర్వమే అనిపించింది. ఎందుకనిపించకూడదు?

వీరమ్మ ఆ ఊళ్లో పెద్దింటి మనిషి. రెండు బావుల వ్యవసాయం, ఇంటి ముందు ట్రాక్టరు, బతుకమ్మ ఆటకు ఆమె గొంతు లేస్తే గాని మిగతా గొంతులు లేవవు. చెడ్డ మనిషి అంటే నేను ఒప్పుకోను. చెడ్డవాళ్లయితే బాధే లేదు, దూరంగా ఉండొచ్చు. పేపరు విలేకరి కెమెరా తీసినప్పుడు వీరమ్మ పప్పన్నం ముద్ద కలిపి జమున నోట్లో పెట్టింది. ఆ ఫోటో జిల్లా పేజీలో వచ్చింది. తరువాత కెమెరా లేనప్పుడు కూడా రెండోసారి పప్పు అడిగి వేయించుకుంది.

"నీ చేతిల ఏముందే తారీ! మా కోడలు నెయ్యి గుమ్మరించినా గింత రుచి రాదు," అన్నది. ఇంకా, జమున బుగ్గ గిల్లి, "సద్దుల బతుకమ్మ నాడు వాగు కాడికి రా బిడ్డా. మా రజితతోని ఆడుదువు గని," అన్నది.

ఆ రాత్రి జమున నిద్రపోలేదు. బతుకమ్మ ఆట బళ్లో నేర్చుకుంది గాని, బళ్లో ఆడింది కాగితం పూలతో. తొమ్మిది రోజులూ సాయంత్రం పూట వాగు అవతల చప్పట్లు, పాటలు వినిపిస్తుంటే ఇవతల బండ మీద నిలబడి ఒక్కతే అడుగులు వేసేది. ఇప్పుడు పెద్దింటి అవ్వ నోటారా పిలిచింది. తారికి ఆ పిలుపు ఇంకా పెద్దగా వినిపించింది. వీరమ్మ పిలిచింది ఆటకు. ఆడినాక అందరూ సద్దులు ఇచ్చిపుచ్చుకుంటారు కదా, పిల్లను ఆటకు పిలిచి సద్దికి వద్దంటారా, ఖాళీ చేతులతో పోతే మన మర్యాద ఏం గాను అని తారి తనకు తనే కలుపుకుంది. రోడ్డు మీద రెండు వారాలు తిన్న నోళ్లే కదా ఇవి అనుకుంది. అదీ ఆమె చేసిన తప్పు. మామూలు రోజుల్లో తండాలో పసిపిల్ల కూడా చెయ్యని తప్పు.

నెయ్యి కోసం పక్కింటి చత్రు దగ్గరికి పోయింది. ముసలాయనకు ఒక బర్రె, వెయ్యి సామెతలు.

"సద్దులకు మలీద చేస్త కాకా. జర నెయ్యి పొయ్యి."

"ఎవ్వలకు?"

"ఊరోళ్లకు. రోడ్డు మీద అందరు తింటలేరా? వీరమ్మ అవ్వ రెండుసార్లు పప్పు అడిగింది."

చత్రు గిన్నె తీశాడు గాని నెయ్యి పోయలేదు. "ఏరు దాటేదాక ఓడ మల్లన్న, ఏరు దాటినంక బోడి మల్లన్న. వాళ్లు ఇంకా ఏరు దాటలే బిడ్డా. గందుకే నువ్వు ఓడ మల్లన్నవు. పిల్లను ఆడిపిచ్చుకొని ఇంటికి రా. సద్ది గిద్ది వద్దు," అన్నాడు.

"నువ్వు పాత కాలపోనివి కాకా. నీకు రోడ్డు మీద ఏం జరుగుతున్నదో తెల్వది."

"నాకు వాగు కాడ ఏం జరుగుతదో తెలుసు," అని నెయ్యి పోశాడు ముసలాయన. పోసేటప్పుడు మాత్రం పిసినారితనం చెయ్యలేదు.

సద్దుల నాడు పొద్దున్నే పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని పూలకు పోయింది తారి. గుట్ట వారన తంగేడు విరగబూసింది. చెల్కల గట్ల మీద గునుగు తెల్లగా ఊగుతోంది. చందు బంతిపూల చెట్టును వేళ్లతో సహా పీకి భుజాన వేసుకున్నాడు. జమున కాళ్లకు ముళ్లు గుచ్చుకున్నా ఏడవలేదు, తంగేడు మోపు నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. ప్రతి యేడూ తండా పిల్లలు తెచ్చిన పూలతోనే ఊళ్లో సగం బతుకమ్మలు లేస్తాయి. వాగు ఒడ్డున ఊరి ఆడవాళ్లు నిలబడి పిల్లల చేతుల్లోంచి ఎత్తుల కొద్దీ తీసుకుపోతారు. పూలకు ఎవరి చేతి అంటూ అంటదు. దేవుడు పూలకు ఆ వరం ఇచ్చి, అన్నానికి ఇవ్వడం మరిచిపోయాడు.

ఇంటికొచ్చి, పండుగకని దాచిన సజ్జ పిండితో రొట్టెలు కాల్చింది. మలీదకు రొట్టె వేడి మీదనే నలపాలి, చల్లారితే పిండి బిగుసుకుపోతుంది. అరచేతులు కాలుతున్నా ఊదుకుంటూ నలిపింది, బెల్లం తురిమి వేసింది, యాలకులు దంచి వేసింది, చత్రు నెయ్యంతా పోసింది. తండాలో దీన్ని చూర్మో అంటారు, దేవుడికి అదే నైవేద్యం. పేరు వేరు గాని రుచి ఒకటే. ఇల్లంతా నెయ్యి వాసన కమ్ముకుంది. ఆ పూట జొన్న రొట్టె, పచ్చికారంతో ఉన్న చందు ఆ వాసనకు పిచ్చెక్కిపోయాడు. చెయ్యి చాపితే తారి చెయ్యి మీద ఒక్కటేసింది.

"ఎంగిలి పడొద్దురా. ముందుగాల ఊరోళ్లకు పెట్టాలె. మిగిలితె నీకే."

వాడు గుడ్ల నీళ్లు కుక్కుకుని డబ్బా పక్కనే కూర్చున్నాడు. తారి ముద్దలు లెక్కపెట్టకుండా చేసింది, వాగు కాడికి వచ్చే ఆడవాళ్లను తలుచుకుంటూ చేసింది. డబ్బా నిండింది. కొడుకు కోసం ఒక్క ముద్ద పక్కన పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు. అందరికీ సరిపోవాలన్న తాపత్రయం అలాంటిది.

పొద్దుగుంకే వేళకు వాగు ఇసుక మీద పదిహేను బతుకమ్మలు పెట్టారు. జమున కొత్త లంగా వేసుకుంది, రెండు జడల్లో బంతిపూలు పెట్టుకుంది. రజిత పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని వలయంలోకి లాగింది. ఎవరూ వద్దనలేదు. వీరమ్మ గొంతెత్తింది, ఆడవాళ్లంతా వంగి చప్పట్లు కొట్టి అడుగేశారు. జమున అడుగు ఒక్కటీ తప్పలేదు. తారి చందును చంకనెత్తుకుని ఒడ్డున నిలబడి చూసింది. అంతమందిలో ఏ పిల్ల తండాదో, ఏ పిల్ల ఊరిదో తెలియనే లేదు. తన తల్లి చూడలేదు, తను ఆడలేదు, తన బిడ్డ ఆడుతోంది. ఇక చచ్చిపోయినా ఫర్వాలేదు అనుకుంది తారి. అంత సంతోషం ఆ గంటసేపు.

బతుకమ్మల్ని వాగులో వదిలారు. పూల గోపురాలు తిరుగుతూ పోయాయి. ఆడవాళ్లు పసుపు రాసుకుని, సద్దులు విప్పుకుని ఇసుకలో బారుగా నిలబడ్డారు. నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, చింతపండు పులిహోర, పెరుగన్నం. తారి డబ్బా తీసుకుని ఆ బారులోకి నడిచింది. కూతురు పక్కన నిలబడింది.

మొదటి చెయ్యి గట్టమ్మది. వీరమ్మ ఇంటి పక్కామె.

"ఇస్తినమ్మ వాయినం," అన్నది తారి. 

గట్టమ్మ ఒక్క క్షణం వీరమ్మ వైపు చూసింది. వీరమ్మ కనురెప్ప వాల్చింది. గట్టమ్మ చెయ్యి చాపి, "పుచ్చుకుంటినమ్మ వాయినం," అన్నది. ముద్ద ఆమె అరచేతిలో పడింది.

ఆ తర్వాత అన్ని చేతులూ చాచుకున్నాయి. ఒక్కరు కాదనలేదు. వీరమ్మ కూడా పుచ్చుకుంది. వాళ్లూ తమ సద్దులు తారికి పెట్టారు, కాకపోతే చెయ్యి తగలకుండా పైనుంచి మోదుగాకులో జారవిడిచారు. తారి అది తొందర అనుకుంది. పిల్లలిద్దరూ ఆకు ముందేసుకుని ఇసుకలో కూర్చుని అక్కడికక్కడే తిన్నారు. చందు పులిహోర రెండు చేతుల్తో తిన్నాడు. డబ్బా అడుగు కనిపించింది. జమున డబ్బా బోర్లించి చూపించి, "యాడీ, మనదే ముందుగాల అయిపోయింది! అందరు తీసుకున్నరు!" అని ఎగిరింది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. తారి నవ్వింది, చత్రు కాకా ముఖాన ఈ డబ్బా పెట్టి చూపించాలి అనుకుంది.

అప్పుడే జమున, "యాడీ, గటు చూడు," అన్నది.

నాలుగు బారల దూరంలో రజిత నిలబడి ఉంది. చేతిలో సగం ముద్ద, బుగ్గలో సగం ముద్ద. వీరమ్మ మనవరాలి దవడ పట్టుకుని నోరు తెరిపించింది. చూపుడు వేలు లోపలికి పెట్టి, బుగ్గ సందుల్లోంచి, నాలుక కింది నుంచి మలీద మొత్తం గీకి తీసింది. పిల్ల ఓకరించింది. వీరమ్మ వాగు నీళ్లు దోసిట్లో తీసుకుని మనవరాలి నోరు కడిగింది, ఉమ్మించింది, మళ్లీ కడిగింది. పిల్ల చేతిలో మిగిలిన సగం ముద్దను ఇసుకలోకి దులిపింది.

తారి కళ్లు ఒక్కసారిగా అన్నీ చూశాయి. గట్టమ్మ వెనక ఇసుకలో ఒక ముద్ద. తడి రాయి పక్కన రెండు. ఒకామె నడుం వెనకనుంచి చెయ్యి విదిలిస్తోంది, ఇంకొకామె వాగులో చెయ్యి కడుక్కుంటోంది. పొద్దున తను అరచేతులు కాల్చుకుని నలిపిన మలీద వాళ్ల కాళ్ల వెనక వరసగా పడుంది. చేపలకు కొంత, చీమలకు కొంత.

"నువ్వు గీడనే ఉండు," అని పిల్లకు చెప్పి తారి వీరమ్మ దగ్గరికి పోయింది. 

"అవ్వా, గిన్ని దినాలు రోడ్డు మీద నా చేతి బువ్వనే తింటిరి గద. గిదేంది?"

వీరమ్మకు కోపం రాలేదు. కోపం వచ్చి తిట్టి ఉంటే తారి కూడా నాలుగు తిట్టి, మనసు చల్లారి ఇంటికి పోయేది. వీరమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"పిచ్చిదానా, రోడ్డు మీద తిన్నది తెలంగాణ కోసం. గిది పండుగ. ఇంటి దేవుండ్లు ఊకుంటరానె? నీ పిల్లను ఆడద్దన్నమా? ఆడనిచ్చినం గద."

"మరెందుకు పుచ్చుకున్నరు? వద్దంటె నేను డబ్బా మూసుకొని పోదును."

"గంత ప్రేమతోని చేసుకొస్తివి. వద్దంటె నీ మనసు నొస్తదని పుచ్చుకున్నం. నీ కోసమేనే," అన్నది వీరమ్మ. నిజంగానే అన్నది. తను చేసింది మంచిపని అని ఆమె నమ్మకం, అది పొమ్మన్నా పోదు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఎల్లుండి దసరాకు రోడ్డు మీద పులిహోర అంట. జర ఉప్పు సూసుకొని వెయ్యి," అని గుర్తుచేసింది.

తారి నోట్లోంచి, "సరే అవ్వా," అన్న మాట వచ్చింది. అలవాటైన నోరు, దాన్ని ఏం చేస్తాం? ఆ మాట అన్నందుకు ఆమెకు తన మీద పుట్టిన అసహ్యం వీరమ్మ మీద పుట్టిన కోపం కంటే పెద్దది. ఉప్పు కాదు, గంజులో ఇసుక పొయ్యాలనిపించింది. కాని ఆ గంజులోనే తన పిల్లల ముద్దా ఉంది.

జమున ఇంకా అక్కడే నిలబడి చూస్తోంది. "రజిత నోట్లెకెల్లి ఎందుకు తీసింది యాడీ? అందరు ఎందుకు పారేసిండ్రు?" అని అడిగింది.

నిజం చెప్పడానికి తారికి అప్పుడు ఒక్క నిమిషం దొరికింది. పిల్ల జడల్లో బంతిపూలు చూసింది, ఇంకా చప్పట్ల మంట చల్లారని ఎర్రటి అరచేతులు చూసింది. 

"గది వాళ్ల రివాజు," అన్నది. "బతుకమ్మ సద్ది తినద్దు. పుచ్చుకోవాలె, ఎనకకు పారెయ్యాలె. గంగమ్మకు అన్నట్టు."

జమున ముఖం పాలిపోయింది. "అయ్యో! మరి మనం వాళ్లది తిన్నం గద యాడీ. చందుగాడు మొత్తం తిన్నడు. మనకు తెల్వక తప్పు చేసినం," అన్నది. ఊరి వైపు భయంగా చూసి, "వాళ్లు మనలను చూసి ఏమనుకున్నరో," అన్నది.

తారి చందును ఎత్తుకుని, ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని వాగు దాటింది. జమున దారి పొడుగునా చేసిన తప్పుకు సిగ్గుపడుతూ తల వంచుకుని నడిచింది.

మర్నాడు పొద్దున చత్రు గడపలోకి తొంగిచూశాడు. తారి ముఖం చూసి, అరచేతి వెడల్పు గిన్నెలో కొంచెం నెయ్యి పెట్టి పోయాడు. ముందురోజు ముట్టుకోనివ్వకుండా తను చేతి మీద కొట్టిన కొడుకు గుర్తొచ్చాడు తారికి. పిండి డబ్బా అడుగున మిగిలింది దులిపి రెండు సజ్జ రొట్టెలు కాల్చింది, వేడి మీద నలిపింది, నిన్నటి గిన్నెకు అంటిన బెల్లం గీకి, చత్రు ఇచ్చిన నెయ్యి పోసి కలిపింది. మూడు ముద్దలయ్యాయి. రెండు జమున చేతిలో పెట్టింది, తమ్ముడికి ఒకటి ఇమ్మని. మూడోది కూడా వాళ్లకే అని ఆకు మీద ఉంచి, నీళ్ల బిందె ఎత్తుకుంది.

లోపలికి వచ్చేసరికి పిల్లలిద్దరూ గోడవార ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. జమున నెత్తిన తల్లి తువ్వాల కప్పుకుంది, పెద్దామె లాగ.

"ఇస్తినమ్మ వాయినం," అని తమ్ముడి చేతిలో ముద్ద పెట్టింది. "అనురా, పుచ్చుకుంటినమ్మ వాయినం అను."

"పుచ్చుకుంటి..." అన్నాడు చందు. మిగతా మాట అనేంత ఓపిక వాడికి లేదు. ముద్ద నోట్లో పెట్టేసుకున్నాడు. రెండు రోజులుగా వాడు ఆ వాసన చూస్తున్నాడు మరి.

జమున వాడి దవడ పట్టుకుంది. నోరు తెరిపించి చూపుడు వేలు లోపలికి పెట్టింది. బుగ్గ సందుల్లోంచి, నాలుక కింది నుంచి గీకి తీసింది. ఎంత శుభ్రంగా తీసిందంటే, ఒక్కసారి చూసి నేర్చుకున్న పిల్లని ఎవరూ అనుకోరు. వాడు ఓకరించి, గుక్కపట్టి ఏడ్చాడు.

"తినద్దని చెప్తె వినడు!" అని జమున వాడి మీద కోపంగా అరిచి, తన చేతిలోని ముద్దను భుజం మీదుగా వెనక్కి విసిరింది. "గిట్ల పారెయ్యాలె. యాడీ, వీనికి బతుకమ్మ ఆడుడు రాదు. అవతలికి తీస్కపోతె మళ్ల మన మానం తీస్తడు. నువ్వు చూపియ్యి."

ఆకు మీది మూడో ముద్ద తెచ్చి తల్లి అరచేతిలో పెట్టింది. "ఇస్తినమ్మ వాయినం."

తారి గుప్పిట మూసింది. ముద్ద ఇంకా వెచ్చగా ఉంది. కూతురు ఆమె చేతినే చూస్తోంది, కొడుకు ఏడుస్తూ ఆమె చేతినే చూస్తున్నాడు. తింటే కూతురు అడుగుతుంది, మరి వాళ్లెందుకు పారేసిండ్రు అని. ఈసారి అడిగితే చెప్పాలి. చెప్పాక ఆ పిల్ల రేపు రోడ్డు మీద రజిత పక్కన ఏ ముఖం పెట్టుకుని కూర్చుంటుంది? కూర్చోకపోతే తింటుందెక్కడ?

"పుచ్చుకుంటినమ్మ వాయినం," అన్నది తారి. చెయ్యి ఎత్తి భుజం మీదుగా వెనక్కి విసిరింది. మలీద గోడకు తగిలి చిట్లిపోయింది.

జమున చప్పట్లు కొట్టింది. చందు ఏడుపు ఆపి, తల్లి కాళ్ల సందులోంచి దూరి గోడ కిందికి పాకాడు.

"యాడీ, వాణ్ణి పట్టుకో, తింటడు!" అని జమున అరిచింది.

తారి వాణ్ణి పట్టుకుంది.